ఫుట్‌పాత్‌కూ రహదారికీ మధ్య: పాదచారులు, చక్రాల కుర్చీ వినియోగదారుల రహదారి భద్రత - పరిశీలన

వ్యాస సంగ్రహం

రహదారి భద్రతా చర్చల్లో పాదచారి అంటే రెండు కాళ్లపై నడిచే వ్యక్తి అన్న భావనే స్థిరపడింది. చక్రాల కుర్చీ, చేతితో తిప్పే మూడు చక్రాల బండి, బ్యాటరీతో నడిచే మొబిలిటీ స్కూటర్ వంటి సాధనాలపై ప్రయాణించేవారు ఈ భావనకు వెలుపల మిగిలిపోతున్నారు. భారతీయ చట్టంలో ఈ సాధనాల స్థానాన్ని, ఫుట్‌పాత్ నిర్మాణ ప్రమాణాలను, ఇటీవలి సుప్రీంకోర్టు తీర్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వినియోగదారుని జాగ్రత్త కంటే, ఇంటి గడప నుండి గమ్యం వరకు మార్గం ఎక్కడా తెగిపోకుండా ఉండటమే భద్రతకు ఆధారమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పాదచారులు, దివ్యాంగులు, చక్రాల కుర్చీ, మొబిలిటీ స్కూటర్, ఫుట్‌పాత్, మోటారు వాహనాల చట్టం, సుగమ్యత.

1. ఉపోద్ఘాతం

కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రహదారి ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో పాదచారులు 32,825 మంది. అంటే ప్రతి ఐదు మరణాల్లో దాదాపు ఒకటి పాదచారిదే. సగటున రోజుకు 90 మంది కాలినడకన వెళ్తూ ప్రాణాలు కోల్పోయారు. 2016లో ఈ సంఖ్య 15,746. పెరుగుదలలో కొంత భాగం నమోదు మెరుగుపడటం వల్ల కావచ్చు. అయినప్పటికీ పాదచారుల మరణాలు మొత్తం సమస్యలో అంచున ఉండే అంశం కాదని ఈ సంఖ్యలు స్పష్టం చేస్తున్నాయి.

ఈ నివేదికలు మృతులను పాదచారులు, సైకిలుదారులు, ద్విచక్ర వాహనదారులు, కార్లలో ప్రయాణించేవారు అంటూ వర్గీకరిస్తాయి. చక్రాల కుర్చీపై లేదా మూడు చక్రాల బండిపై వెళ్తూ ప్రమాదానికి గురైనవారికి వాటిలో ప్రత్యేక వర్గం లేదు. లెక్కలో కనిపించని ప్రమాదం ప్రణాళికలోనూ కనిపించదు. అందువల్ల ఈ వర్గం ఎదుర్కొనే ప్రమాదాన్ని మరణాల సంఖ్యతో కాక, వారి ప్రయాణ మార్గంలోని అవరోధాల ద్వారా పరిశీలించవలసి ఉంటుంది.

2. సాధనాలు - చట్టంలో వాటి స్థానం

తెలుగు రాష్ట్రాల్లో కాళ్ల కదలిక పరిమితంగా ఉన్నవారు వీధుల్లో వాడే సాధనాలు ప్రధానంగా నాలుగు: చేతితో నెట్టుకునే చక్రాల కుర్చీ, చేతితో తిప్పే మూడు చక్రాల బండి, బ్యాటరీతో నడిచే కుర్చీ లేదా మూడు చక్రాల బండి, వెనుక అదనపు చక్రాలు అమర్చిన సాధారణ స్కూటరు. పాశ్చాత్య దేశాల్లో మొబిలిటీ స్కూటర్ నిర్వహించే పాత్రను ఇక్కడ చివరి రెండు సాధనాలు నిర్వహిస్తున్నాయి.

వీటిలో మొదటి రెండింటికి యాంత్రిక శక్తి లేదు కనుక అవి మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచించే 'మోటారు వాహనం' పరిధిలోకి రావు. అదనపు చక్రాలు అమర్చిన స్కూటరు పరిస్థితి కూడా స్పష్టమే. 2019 సవరణ ఈ చట్టంలో 'అనుకూలీకరించిన వాహనం' అనే నిర్వచనాన్ని చేర్చింది. దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన లేదా మార్పులు చేసిన వాహనం ఆ నిర్వచనం కిందికి వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్, నడిపేవారికి లైసెన్సు అవసరం. అది రహదారిపై నడిచే వాహనమే.

చిక్కు మూడవ సాధనంతో వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 2(యు) నియమం ప్రకారం బ్యాటరీతో నడిచే వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించకుండా ఉండాలంటే దాని మోటారు ముప్ఫై నిమిషాల సామర్థ్యం 0.25 కిలోవాట్ల కంటే తక్కువగా, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువగా ఉండాలి. ఈ షరతులు నెరవేరినట్లు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. ఈ నియమం ప్రధానంగా తక్కువ శక్తి గల విద్యుత్ ద్విచక్ర వాహనాలను దృష్టిలో ఉంచుకున్నది. వాలు ఎక్కడానికి, బరువు మోయడానికి ఎక్కువ శక్తి అవసరమయ్యే చక్రాల కుర్చీ వేగంలో మనిషి నడకను మించకపోయినా, మోటారు సామర్థ్యం కారణంగా ఈ మినహాయింపును కోల్పోవచ్చు.

దీని పర్యవసానం గమనార్హం. ఫుట్‌పాత్‌పై మోటారు వాహనం నడపరాదని రహదారి నియమాలు చెబుతున్నాయి. రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం రహదారిపైకి రాకూడదని చట్టం చెబుతోంది. ఈ రెండింటినీ అక్షరాలా అన్వయిస్తే, శక్తిమంతమైన బ్యాటరీ కుర్చీపై కూర్చున్న వ్యక్తికి ఫుట్‌పాత్‌పైనా చోటు లేదు, రహదారిపైనా చోటు లేదు. ఆచరణలో ఎవరూ ఇంత కఠినంగా అన్వయించకపోవచ్చు. కానీ ప్రమాదం జరిగినప్పుడు పరిహారం, తప్పు ఎవరిది అన్న ప్రశ్నలు తలెత్తుతాయి. అప్పుడు ఆ వ్యక్తి పాదచారా, వాహనదారా అన్నది నిర్ణాయకమవుతుంది.

3. పోలిక: బ్రిటన్‌లో వర్గీకరణ విధానం

ఈ సందిగ్ధతను చట్టం ద్వారానే తొలగించిన ఉదాహరణ బ్రిటన్‌లో కనిపిస్తుంది. అక్కడ 1970 నాటి దీర్ఘకాలిక రోగుల, దివ్యాంగుల చట్టం, దానిని అనుసరించి 1988లో వచ్చిన నిబంధనలు ఈ సాధనాలను మూడు తరగతులుగా విభజించాయి. మొదటి తరగతి యాంత్రిక శక్తి లేని కుర్చీ. రెండవ తరగతి గంటకు 4 మైళ్ల వేగం, అంటే సుమారు 6.4 కిలోమీటర్లు, మించని విద్యుత్ సాధనం. మూడవ తరగతి రహదారిపై గంటకు 8 మైళ్ల వరకు, అంటే సుమారు 12.8 కిలోమీటర్ల వరకు, వెళ్లగలిగే సాధనం. మూడవ తరగతి సాధనం ఫుట్‌పాత్‌పైకి వచ్చినప్పుడు 4 మైళ్ల వేగాన్ని మించరాదు.

నిర్దేశించిన షరతులకు లోబడి వాడినంతవరకు వీటిని చట్టం మోటారు వాహనాలుగా పరిగణించదు. నడపడానికి డ్రైవింగ్ లైసెన్సు అవసరం లేదు. అయితే మూడవ తరగతి సాధనాన్ని నమోదు చేయించాలి. దానికి దీపాలు, హారన్, వెనుక దృశ్యం చూపే అద్దం ఉండాలి. మోటార్‌వేలపై దానికి ప్రవేశం లేదు. ఫుట్‌పాత్‌పై నడిచేవారికి ప్రాధాన్యం ఇవ్వాలని అక్కడి హైవే కోడ్ సూచిస్తుంది.

ఈ విధానంలో గ్రహించదగిన సూత్రం ఒకటున్నది. సాధనాన్ని నిర్వచించేది దాని మోటారు సామర్థ్యం కాదు, అది ప్రయాణించే వేగం. నడక వేగంతో సాగేది పాదచారుల చోటుకు, అంతకు మించినది షరతులతో రహదారికి చెందుతుంది. ఫుట్‌పాత్ అవిచ్ఛిన్నంగా, వెడల్పుగా ఉన్నచోట మాత్రమే ఈ సూత్రం ఫలిస్తుందన్నది కూడా గుర్తించవలసిన విషయం. అందువల్ల నిర్వచనం నుండి నిర్మాణం వైపు దృష్టి సారించాలి.

4. ఫుట్‌పాత్: ప్రమాణం - ఆచరణ

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన ఐఆర్‌సీ 103 మార్గదర్శకాలు ఫుట్‌పాత్‌ను మూడు భాగాలుగా చూస్తాయి: భవనాల ముందరి అంచు, నడిచే భాగం, స్తంభాలు, చెట్లు, బెంచీలు మొదలైన వాటికి ఉద్దేశించిన భాగం. నడిచే భాగం ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. చక్రాల కుర్చీలు ఎక్కే ర్యాంపు వాలు 1:12కు మించరాదన్నది సుగమ్యతా ప్రమాణాల్లో స్థిరపడిన కొలత.

ఈ కొలతలను కలిపి చూసినప్పుడే సమస్య లోతు తెలుస్తుంది. 150 మిల్లీమీటర్ల ఎత్తుకు 1:12 వాలుతో ర్యాంపు కట్టాలంటే 1.8 మీటర్ల పొడవు కావాలి. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో చాలాచోట్ల మురుగుకాల్వపై పరచిన పలకలే ఫుట్‌పాత్‌గా ఉపయోగపడుతున్నాయి. కాల్వ గోడ ఎత్తే ఫుట్‌పాత్ ఎత్తు అవుతుంది. ఆ ఎత్తు 300 మిల్లీమీటర్లయితే ర్యాంపు పొడవు 3.6 మీటర్లకు చేరుతుంది. అంత చోటు లేనప్పుడు నిటారుగా ఒక సిమెంటు వాలు పోస్తారు. దానిపై ఒంటరిగా ఎక్కే ప్రయత్నంలో కుర్చీ వెనక్కి దొర్లే ప్రమాదం ఉంది. ర్యాంపు ఉన్నదన్న లెక్క మాత్రం పూర్తవుతుంది.

రెండవ సమస్య పరస్పర విరుద్ధ పరిష్కారాలది. ట్రాఫిక్ స్తంభించినప్పుడు ద్విచక్ర వాహనాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. వాటిని ఆపడానికి ఫుట్‌పాత్ మొదట్లో కడ్డీలో, రాతి దిమ్మెలో నాటుతారు. చక్రాల కుర్చీ దాటడానికి వాటి మధ్య సుమారు 900 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. అంతకంటే దగ్గరగా నాటితే స్కూటరుతోపాటు కుర్చీ కూడా ఆగిపోతుంది. ఉల్లంఘనదారుని నిరోధించే ఏర్పాటే హక్కుదారుని వెలివేసే ఏర్పాటుగా పరిణమిస్తుంది.

మూడవది విచ్ఛిన్నత. ప్రతి ఇంటి గేటు ముందూ ఫుట్‌పాత్ కిందికి దిగి మళ్లీ ఎక్కుతుంది. నడిచేవారికి ఇది అసౌకర్యం మాత్రమే. మూడు చక్రాల బండికి మాత్రం అడ్డవాలు వల్ల పక్కకు ఒరిగే ప్రమాదం. విద్యుత్ స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, నిలిపిన వాహనం - వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా నడిచేవారు ఒక అడుగు దిగి మళ్లీ ఎక్కగలరు. చక్రాల కుర్చీలో ఉన్నవారు వెనక్కి, ర్యాంపు ఉన్నచోటికి తిరిగి వెళ్లాలి. ఈ అనుభవం ఒకటి రెండుసార్లు ఎదురైన తరువాత వారు ఫుట్‌పాత్‌ను వదిలి మొదటి నుండీ రహదారి అంచునే ఎంచుకుంటారు. బయటి నుండి చూసేవారికి ఇది నిర్లక్ష్యంగా తోచవచ్చు. నిజానికి ఇది నిర్మాణం విధించిన నిర్బంధం.

వీధి వ్యాపారులను మాత్రమే దీనికి కారణంగా చూపడం సమంజసం కాదు. వీధి వ్యాపారుల చట్టం, 2014 వారి జీవనోపాధిని గుర్తించింది. నడిచే భాగాన్ని, ఇతర వినియోగ భాగాన్ని వేరు చేసి నిర్మిస్తే రెండింటికీ చోటు దొరుకుతుంది.

5. రహదారి దాటడం: కాలం, దృశ్యత, వేగం

కూడళ్లలో పాదచారుల సిగ్నల్ వ్యవధిని లెక్కించేటప్పుడు నడక వేగాన్ని సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకోవడం ఇంజినీరింగ్‌లో విస్తృతంగా ఉన్న పద్ధతి. ఈ వేగంతో 14 మీటర్ల రహదారి దాటడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది. సెకనుకు 0.8 మీటర్ల వేగంతో కదిలే వృద్ధులకు, చేతులతో కుర్చీ నడిపేవారికి 17.5 సెకన్లు కావాలి. మిగిలిన ఐదారు సెకన్లలో వారు రహదారి మధ్యనే ఉంటారు, ఎదుటి వాహనాలకు పచ్చ దీపం వెలుగుతుంది. మధ్యలో ఆగడానికి విభాజకం ఉన్నా, దాని వెడల్పు ఒక మీటరే అయితే ఒకటిన్నర మీటర్లకు మించిన పొడవు గల మూడు చక్రాల బండి అందులో ఇమడదు.

దృశ్యత మరొక అంశం. కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తు నేల నుండి సుమారు 1.2 మీటర్లు. రహదారి అంచున నిలిపిన కారు ఎత్తు అంతకంటే ఎక్కువ. కనుక కారు వెనుక నుండి బయటికి వచ్చేవరకు వారికి వాహనం కనిపించదు, వాహనదారునికి వారు కనిపించరు. పిల్లలు ఎదుర్కొనే ప్రమాదమూ ఇటువంటిదే. మార్గచిహ్నాల దగ్గర వాహనాల నిలుపుదలను నిషేధించడం ఈ కారణంగా కేవలం ట్రాఫిక్ క్రమబద్ధీకరణ కాదు, ప్రాణరక్షణ చర్య.

వేగం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క స్పష్టంగా ఉంది. కారు ముందు భాగం ఢీకొన్నప్పుడు, వేగం గంటకు 50 కిలోమీటర్ల నుండి 65కు పెరిగితే పాదచారి మరణించే అవకాశం 4.5 రెట్లు పెరుగుతుంది. ఢీకొనే ముందు పక్కకు తప్పుకునే అవకాశం కుర్చీలో ఉన్నవారికి దాదాపు ఉండదు. కనుక వారి భద్రత పూర్తిగా వాహన వేగంపైనే ఆధారపడుతుంది.

పాదవంతెనలు దీనికి పరిష్కారమన్న అభిప్రాయం తరచు వినిపిస్తుంది. మెట్లు మాత్రమే ఉన్న వంతెన వాహనాలకు రహదారిని ఖాళీ చేస్తుంది కానీ, దివ్యాంగులకు దారి చూపదు. 2023లో హైదరాబాద్ ఉప్పల్ కూడలిలో ప్రారంభమైన స్కైవాక్‌కు లిఫ్టులు, ఎస్కలేటర్లు ఏర్పాటు చేయడం ఈ దిశలో మెరుగైన మార్పు. అయితే లిఫ్టు ఆగిపోయిన రోజున ఆ వంతెన కూడా మెట్ల వంతెనే అవుతుంది. నేలమట్టంలో సురక్షితంగా దాటే ఏర్పాటుకు ఇది ప్రత్యామ్నాయం కాజాలదు.

6. మార్గదర్శకం నుండి నిబంధనకు: న్యాయస్థానాల పాత్ర

పైన పేర్కొన్న ప్రమాణాలు చిరకాలంగా ఉన్నవే. అవి పాటించకపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 40వ సెక్షన్ సుగమ్యతా ప్రమాణాలను నియమాల రూపంలో రూపొందించాలని ఆదేశించింది. 2017 నియమావళిలోని 15వ నియమం మాత్రం వివిధ మార్గదర్శకాలను పేర్కొని వదిలింది. రాజీవ్ రటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ లోపాన్ని ఎత్తిచూపి, 15(1) నియమం మూల చట్టానికి విరుద్ధమని తీర్పునిచ్చింది. తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను వేరుగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో న్యాయస్థానానికి క్షేత్రస్థాయి నివేదికను సమర్పించినది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన దివ్యాంగుల అధ్యయన కేంద్రం కావడం విశేషం.

ఎస్. రాజశేఖరన్ కేసులో 2025 మే 14న సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్‌ను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో అంతర్భాగమని, ఫుట్‌పాత్‌లు దివ్యాంగులకు అనువుగా ఉండాలని పేర్కొన్నది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షన్, నిర్దేశిత ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం లేదా వైకల్యం సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఇక్కడ 'నిర్దేశిత' అన్న పదం కీలకం. ప్రమాణం సలహాగా ఉన్నంతకాలం ఉల్లంఘన నేరం కాదు. నియమంగా మారినప్పుడే బాధ్యత ఏర్పడుతుంది.

7. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

- బ్యాటరీతో నడిచే చక్రాల సాధనాలకు మోటారు సామర్థ్యాన్ని బట్టి కాక, వేగాన్ని బట్టి చట్టపరమైన నిర్వచనం అవసరం. నడక వేగంతో సాగే సాధనంలో ఉన్న వ్యక్తిని పాదచారిగానే గుర్తించాలి.
- ప్రమాద నివేదికల్లో చక్రాల కుర్చీ, మూడు చక్రాల బండి వినియోగదారులకు ప్రత్యేక వర్గం ఉండాలి.
- ర్యాంపుల సంఖ్య కాక, మార్గం అవిచ్ఛిన్నంగా ఉన్నదా లేదా అన్నది ఫుట్‌పాత్ తనిఖీలకు కొలమానం కావాలి. అటువంటి తనిఖీలో చక్రాల కుర్చీ వినియోగదారులు స్వయంగా పాల్గొనడం అవసరం.
- సిగ్నల్ వ్యవధిని సగటు నడకకు కాక, నెమ్మదిగా కదిలేవారికి సరిపడేలా నిర్ణయించాలి.

చట్టంలోని ఖాళీ, ఫుట్‌పాత్‌లోని ఖాళీ వేర్వేరుగా కనిపించినా అవి ఒకే వ్యక్తిని రహదారి మధ్యకు నెడుతున్నాయి. నెమ్మదిగా కదిలేవారిని దృష్టిలో ఉంచుకొని వేసిన దారి, బిడ్డను చంకనెత్తుకున్న తల్లికి, సంచులు మోసే కూలీకి, ఊతకర్రతో నడిచే వృద్ధునికి కూడా సురక్షితమైన దారే అవుతుంది.