సంతకంతో అయ్యేది కొంత, కానిది కొండంత

ఎన్నికల్లో గెలిచిన నాయకుడి మెడలో పూలదండ వాడకముందే ప్రజలు అర్జీలతో గుమ్మం ముందు నిలబడతారు. అందులో తప్పు లేదు. ఓటు అడిగినవాడు జవాబు చెప్పవలసిందే. అయితే కొత్తగా గద్దెనెక్కిన నాయకుడు ఏది వెంటనే చేయగలడు? ఏది చేయలేడు? ఈ సంగతి తెలుసుకోవడానికి హిందూపురం వాసులు దూరం పోనక్కరలేదు.

1985, 1989, 1994లలో ఎన్.టి. రామారావుగారిని శాసనసభకు పంపిన నియోజకవర్గం మనది. 1994 డిసెంబర్ 12న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే మద్యనిషేధం ఫైలుపై సంతకం పెట్టారు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమానికి అది ఫలితం. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. కిలో రెండు రూపాయల బియ్యం మళ్లీ వచ్చింది. పేదల ఇళ్లలో పొయ్యి వెలిగింది.

కాని కష్టాలు అక్కడినుంచే మొదలయ్యాయి. ఒకవైపు మద్యం ఆదాయం పోయింది, మరోవైపు బియ్యం రాయితీ భారం పెరిగింది. హిందూపురం దాటితే కర్ణాటక, అక్కడ నిషేధం లేదు. సరిహద్దుకు గోడ కట్టగలమా? అన్నింటికీ మించి సొంత మనుషులే దూరమయ్యారు. తొమ్మిది నెలలు నిండకుండానే, 1995 ఆగస్టు సంక్షోభంలో పదవి చేజారింది. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. అదే ఏడాది బియ్యం ధర మూడున్నర రూపాయలకు పెరిగింది. 1997లో నిషేధం ఎత్తివేశారు.

ఇది మన ఒక్కరి కథ కాదు. అదే 1994 మే 10న దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా అధ్యక్షుడయ్యారు. గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఉచిత వైద్యం ప్రకటించడానికి ఆయనకు కొద్ది వారాలే పట్టింది. ఐదేళ్లలో పది లక్షల ఇళ్లు కడతామన్న మాట మాత్రం 1999లో ఆయన దిగిపోయేనాటికి పూర్తి కాలేదు. ఇంటికి స్థలం, డబ్బు, నీటి గొట్టం, పనిచేసే అధికారి అన్నీ కావాలి. వాటిని ఒక్క సంతకం తెచ్చిపెట్టలేదు.

ధర్మవరం నేతన్నను అడిగినా ఇదే చెబుతాడు. చీరల వంటి కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ కేంద్రం 1985లోనే చట్టం చేసింది. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అంగడికి వస్తూనే ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు. తనిఖీ చేసే మనిషి రోజూ కదలాలి.

ఇక పెనుకొండ చూడండి. రామారావుగారి కాలంలో మాటగా మొదలైన హంద్రీ-నీవా పథకం ఎన్నో ప్రభుత్వాలను దాటింది. గొల్లపల్లి జలాశయానికి కృష్ణమ్మ నీళ్లు చేరింది 2016లో! మరుసటి ఏడే ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఆ కాలువ గురించి మొదట మాట ఇచ్చినవారు చూడలేదు, నీళ్లు తాగేవారికి వారు గుర్తూ లేరు. ఐనా పని మిగిలింది.

ఉర్దూలో 'వాదా నిభానా' అంటారు, ఇచ్చిన మాటను చివరిదాకా మోయడమని. ఆ మోత ఒక్కడి భుజం మీద నిలవదు. వెనక వచ్చేవాడు అందుకోవాలి.

కనుక కొత్త నాయకుణ్ణి 'మొదటి రోజు ఏ ఫైలుపై సంతకం పెట్టావు?' అని అడగడంతో ఆగకూడదు. 'నీ తరువాత వచ్చేవాడు కూడా ఆపలేని పని ఏది మొదలుపెట్టావు?' అని కూడా అడగాలి. వచ్చినవాడిని, 'మునుపటివాడు మొదలుపెట్టాడని మంచి పని ఆపావా?' అని నిలదీయాలి. చప్పట్లు మొదటి రోజుకే చాలు. మిగతా అయిదేళ్లూ లెక్క అడగడం మన వంతు.