డప్పు మేళము – క్రొత్త దుస్తులు



వాద్యములను గూర్చి మన పూర్వులు గ్రంథములే వ్రాసినారు. అందు కొన్నింటిని నేను గురుముఖమున చదివితిని, ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు చదువు చెప్పితిని. కాని వాద్యము వాయించువాడు ఒంటిమీద ఏమి వేసికొనవలెను, దానిని నిర్ణయించువా డెవడు అను ప్రశ్న నాకు ఒక్కనాడును తోచలేదు. పోయిన ఆషాఢమాసమున మా ప్రాంతపు డప్పు మేళము వారి క్రొత్త అంగీలు ఆ ప్రశ్నను నా వాకిటిలోనికి తెచ్చినవి. ఆ ముచ్చటయే నేడు మీతో చెప్పదలచితిని.

మా ప్రాంతమనగా పటాన్‌చెరువునకు సంగారెడ్డికిని నడుమనున్న నేల. హైదరాబాదునుండి ముంబయి పోవు రాజమార్గమున కిరుప్రక్కల ఒకప్పుడు జొన్నచేలు, చెరువులు నుండెడివి. 1960 తరువాత రామచంద్రాపురమున పెద్ద యంత్రశాల వెలసినది. 1972లో పటాన్‌చెరువు చెంత మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాలయము వచ్చినది. ఆ వెనుక పాశమైలారము, బొల్లారము వైపుల మందుల కర్మాగారములును, ఇనుప కార్ఖానాలును బారులు తీరినవి. డప్పు వాయించిన తాతల మనుమలు నేడు ఆ కార్ఖానాలలో మూడు షిఫ్టులలో పని చేయుచున్నారు. అయినను బోనాలు వచ్చెనా, షిఫ్టు మార్చుకొనియైనను డప్పు భుజమున వేసికొందురు.

అట్టి యువకులు పండ్రెండుగురు తమ జీతములలో కొంత కొంత కూడబెట్టి, మేళమున కంతకు ఒకే తీరు దుస్తులు కుట్టించుకొనిరి. ఎఱ్ఱని అంగీ, దానికి బంగారువన్నె జలతారు పట్టీలు, తెల్లని లాగు, తలకు తురాయి పెట్టిన పాగా. బోనాలు కదలునప్పుడు వారు రెండు వరుసలుగా వచ్చి నిలిచిరి. పిల్లలు కేరింతలు కొట్టిరి. ఆడువారు "మన పోరగాండ్లేనా!" అని మురిసిరి. అరుగులమీది పెద్దలు మాత్రము మొగములు ముడుచుకొనిరి. "ఇది డప్పా, పెండ్లి బ్యాండా?" అని ఒకరు, "తాతలనాటి వేషము మట్టిలో గలిసినది" అని ఇంకొకరు అనిరి. సత్యము చెప్పవలెనన్న, ఆ రెండవ మాట అన్నవాడను నేనే.

అంతటితో పోయిన బాగుండెడిది. పండుగ ముగిసిన పిమ్మట ఉత్సవపు పెద్దలు కొందరు మేళము వారిని పిలిచి, "వచ్చే యేడు పాత పద్ధతిన రండు. మోకాళ్ళపైకి గోచి, నెత్తిన రుమాలు, ఒంటిమీద అంగీ లేకుండ. అట్లయిననే బయానా. లేనియెడల వేరొక మేళము చూచుకొందుము" అనిరి. బయానా పోవుట యనగా ఆ పండ్రెండు ఇండ్లకు పండుగ ఖర్చు పోవుట. అంతకన్న మిన్నగా, తమ ఊరి అమ్మవారి ముందు తమ డప్పు మ్రోగక పోవుట. ఉభయపక్షములవారును, నేను పండితుడనని, "శాస్త్రమేమి చెప్పుచున్నది?" అని నావద్దకు వచ్చిరి.

నేను పుస్తకములు తీసితిని. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రములో పర్వత ప్రకరణము కలదు. శ్రీశైల యాత్రికుల ఆటపాటలను, వారి వాద్యములను ఆయన బారులుగా పేర్కొన్నాడు. కాకతి గణపతిదేవుని కాలమున జాయప సేనాని నృత్తరత్నావళి రచించినాడు. ఇందెందును, బోనాల ముందు నడచు డప్పరి అంగీ తొడుగరాదను విధి నాకు కనబడలేదు. పైగా ఒక విచిత్రము గుర్తునకు వచ్చినది. 1213లో కట్టిన పాలంపేట రామప్ప గుడిని 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు. ఆ గుడి శిల్పములను, జాయప గ్రంథమును ఆధారముగా గొని, నటరాజ రామకృష్ణగారు పేరిణి తాండవమును ఇరువదవ శతాబ్దిలో తిరిగి నిలిపినారు. నేడు వేదికలపై మనము చూచు పేరిణి వేషము అట్లు మన కాలమున కూర్చబడినదే. అయినను దానిని కాకతీయుల నాటి సొత్తుగా ఎంచి సంతసించుచున్నాము. అనగా పాతదానినుండి క్రొత్తవేషము కుట్టుట మన కిష్టమే. కాని కుట్టినవాడు డప్పరియైనపుడు మాత్రము మనకు శాస్త్రము జ్ఞాపకము వచ్చుచున్నది!

ఈ యాలోచనలో నుండగనే మేళమునకు గురువైన వృద్ధుడు నావద్దకు వచ్చినాడు. ఏబదియేండ్లుగా డప్పు పట్టిన చేయి. ఆయనతో నేను, "ఏమైనను, మీ తాతలనాటి వేషము విడుచుట తగునా?" అంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి యిట్లనెను: "పంతులు సారూ, మా తాత అంగి లేకుండ డప్పు కొట్టిండంటె అది ఏసం గాదు. అంగి లేక కొట్టిండు. ఉన్నోడైనా దొర గడి ముంగట ఏసుకోనిచ్చిన్రా?"

శ్రోతలారా! నా పుస్తకములలో లేని భాష్య మది. నిజాము రాజ్యమున వెట్టిచాకిరి యుండిన కాలమును మన పెద్దలు చూచినారు. ఊరి చాటింపునకును, చావునకును, పెండ్లికిని, జాతరకును డప్పు కొట్టుట ఆనాడు ఒక కులముపై మోపిన వెట్టి. పిలిచినప్పుడు పోవలెను, ఇచ్చినది పుచ్చుకొనవలెను. గడి ముందర నడచునప్పుడు చెప్పులు చేత బట్టుకొనవలెను. ఒంటిపై బట్ట లేకుండుటలో సగము లేమి, సగము నిర్బంధము. దానికి మనము సంప్రదాయమని పేరు పెట్టి, వచ్చే యేడును అట్లే రమ్మనుచున్నాము. నేనన్న మాట నాకే ములుకువలె తగిలినది.

అట్లైన ఎఱ్ఱ అంగీ మాట యేమి? అది బ్యాండు మేళము వారిని చూచి కుట్టించుకొన్నదే. మరి బ్యాండు మేళము వారికి ఎక్కడనుండి వచ్చినది? ఆంగ్లేయుల దండుల వాద్యగాండ్రను చూచి వచ్చినది. ఆ వాద్యగాండ్ర చరిత్రము వినదగినది. తుపాకి పొగలో సేనాపతి మాట వినబడని కాలమున భేరీనాదమే ఆజ్ఞ. భేరీ కొట్టువాడు దూరమునుండియే కంటబడవలెనని ఆంగ్లేయుల పదాతిదళములలో వానికి తక్కిన సైనికుల అంగీ రంగులను తారుమారు చేసి కుట్టించెడివారు. పదునెనిమిదవ శతాబ్దిలో తురుష్క సుల్తానుల జానిసారీ సైన్యపు మేళములను చూచి, ఐరోపా రాజులు పెద్ద డోళ్ళను, తాళములను తమ దండులలో చేర్చుకొనిరి. కొందరు ఆ డోళ్ళు వాయించువారికి పాగాలును చుట్టించిరి. నెత్తిన తురాయి నిలుచు ఎత్తైన టోపీ హంగేరీ దేశమునుండి వచ్చినది. కాబట్టి ఏ వాద్యగాని వేషమైనను విప్పి చూచినచో నాలుగు దేశముల దారములు కనబడును.

ఈ వివాదము మనకే పరిమితము కాదు. అమెరికా దేశమున మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, ఇండ్లకు మరలిన సైనికుల సంఘములు ఊరూర భేరీ మేళములను నెలకొల్పినవి. సైనికుల మేళములు గనుక సైనిక వేషమే వేసిరి. ఆ మేళములకు దేశవ్యాప్తమైన పెద్ద పోటీ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రపు వైట్‌వాటర్ పట్టణమున మొదలైనది. ఇటీవలి యేండ్లలో పెక్కు మేళములు తురాయి టోపీలను విడిచి, నాట్యమున కనువైన పలుచని దుస్తులు తొడుగుచున్నవి. వాద్యగాండ్రు ఇప్పుడు నిలిచి వాయించుట లేదు. పరుగెత్తుచు, ఒరుగుచు వాయించుచున్నారు. చిరకాల ప్రేక్షకులు "మా మేళము గుర్తు పోయిన" దని వగచుచున్నారు. క్రొత్తవారు "దేహము స్వేచ్ఛగా కదలుచున్న" దని మెచ్చుచున్నారు. మా అరుగులమీది మాటలును ఇవియే గదా!

అయితే ఆ వివాదమునకు మన వివాదమునకు ఒక భేదము కలదు. అక్కడ విడిచినది గౌరవచిహ్నమైన సైనిక వేషము. ఇక్కడ విడిచినది అవమానపు గుర్తు. అయినను గుర్తును విడుచుట యొక్కటే మార్గము కాదు. దానిని తానై చేపట్టి గౌరవముగా మార్చుటయు కలదు. మెదక్ జిల్లా తూప్రానులో పుట్టి, 2023లో గతించిన గద్దరును మీరు విని యుందురు. ఇంజనీరింగు చదువ బోయిన ఆయన గోచి గట్టి, గొంగడి భుజమున వేసి, గజ్జెలు కట్టి వేదిక నెక్కినాడు. ఆ నగ్నమైన ఎదను ఎవరును ఆయనపై మోపలేదు, ఆయనయే ఎంచుకొన్నాడు. 1994 జూలై 7వ తేదీన ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఆరంభమైన మాదిగల ఉద్యమము 'దండోరా' యను పేరు పెట్టుకొన్నది. వెట్టివాని చాటింపు ఆనాడు హక్కుల చాటింపైనది. ఎంచుకొన్న గోచి వేరు, విధించిన గోచి వేరు. చూచువానికి రెండును ఒక్కటిగనే కనబడును. కట్టినవానికి అట్లు కాదు.

ఇంతకును డప్పు వారసత్వమెక్కడ నున్నది? ఆ వృద్ధుని చేతులలో చూచితిని. కొయ్యతో వలయము చేసి, చింతగింజల జిగురుతో మేకతోలు బిగించుట యొక విద్య. వాయించుటకు ముందు గడ్డిమంట కాచి, తోలు పలుకునంతవరకు త్రిప్పుట యొక విద్య. ఎడమచేత సన్నని చిటికెన పుల్ల, కుడిచేత పొట్టి సిర్ర. ఈ రెండింటి నడుమ పుట్టును దరువు. చావు దరువు వేరు, పెండ్లి దరువు వేరు, అమ్మవారి దరువు వేరు. దూరపు పొలములో నున్నవాడు చెవితోనే ఊరిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనును. పోగొట్టుకొనరానిది అది. కార్ఖానాకు పోవు ఆ పండ్రెండుగురిలో దరువులన్నియు తెలిసినవారు నలుగురే యని వృద్ధుడు చెప్పినాడు. అరుగులమీది మాలో ఒక్కరమైనను దానిని గూర్చి వగవలేదు!

వేషమును గూర్చి వాద్యమే కొంత తీర్పు చెప్పును. నైలాను అంగీ గడ్డిమంట చెంత ప్రమాదకరము; ఒక్క నిప్పురవ్వ చాలును. మోచేయి పట్టివేయు ఇఱుకు చేతులలో సిర్ర ఆడదు. జోళ్ళు తొడిగిన కాలికి గజ్జె పలుకదు. ఈ సంగతులు నేను చెప్పకముందే ఆ యువకులకు అనుభవమైనవి. రెండవ ఆదివారమునకే అంగీ చేతులను మోచేతులపైకి కత్తిరించుకొనిరి; జోళ్ళు విడిచి గజ్జెలు కట్టిరి. వచ్చే యేటికి నూలుబట్ట చూచుకొందుమనిరి. జలతారు మాత్రము విడువమనిరి. విడువవలసిన పని యేమున్నది?

ఉత్సవపు పెద్దలకు నేనిచ్చిన సమాధానము క్లుప్తమైనది. "అయ్యా, దరువు తప్పినచో అడుగుడు, ఆ హక్కు వినువారికి కలదు. బట్ట మాట వాయించువానికి విడువుడు. తాతలవలె రావలెనన్నచో ముందు మనము మన తాతలవలె గాక, ఎదురేగి పిలువవలెను." ఇద్దరు ఒప్పుకొనిరి. ఒకరు ఒప్పుకొనక లేచిపోయిరి. బయానా మాత్రము అందినది.

నా వంతుగా నేనొక పని పెట్టుకొంటిని. సెలవు దినముల సాయంకాలము ఆ వృద్ధుడు మా వాకిట కూర్చుండి, మిగిలిన ఎనమండుగురికి దరువులు నేర్పుచున్నాడు. వాని పేర్లను, వాయించు సందర్భములను నేను వ్రాసికొనుచున్నాను. ఇన్నాళ్ళు చెప్పినవాడను, ఇప్పుడు వినుచున్నాను. మీ ఊరను డప్పు మ్రోగునపుడు, ఏమి తొడిగినారని చూచుటకు ముందు ఏ దరువు పలుకుచున్నదో చెవి యొగ్గుడని ప్రార్థించి, సెలవు గైకొనుచున్నాను.