పొరుగింటి కుక్కను ఉంచుకుంటున్నారా? ముందు ఓసారి వెళ్లి చూసి రండి

సంక్రాంతి సెలవులు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం, పెళ్లిళ్లు... కుటుంబమంతా ఊరెళ్లాల్సి వస్తే ఇంట్లో కుక్కను ఎవరికి అప్పగించాలన్నదే పెద్ద చిక్కు. గరివిడి, చీపురుపల్లి లాంటి చోట్ల ఆ బాధ్యత తరచూ తెలిసినవాళ్లకే చేరుతుంది. ‘నాలుగు రోజులు చూసుకోమ్మా, మావాడు ఎవర్నీ ఏమీ అనడు’ అని అడిగితే కాదనడానికి మొహమాటం. డబ్బు తీసుకుని ఉంచుకుంటున్నా, మాటసాయంగా ఉంచుకుంటున్నా... సరేననే ముందు ఒకసారి వాళ్లింటికి వెళ్లి కుక్కను చూసి రండి. ఆ అరగంట మీ పిల్లల్నీ, ఆ కుక్కనూ కాపాడుతుంది.

వాళ్లింట్లోనే ఎందుకు?

కొత్తచోట కుక్క బెదిరిపోతుంది. నక్కి కూర్చుంటుంది, లేదంటే అతిగా గంతులేస్తుంది. దాని అసలు తీరు సొంతింట్లోనే తెలుస్తుంది. గుమ్మంలోకి మీరు అడుగుపెట్టగానే ఏం చేస్తోంది? యజమాని పిలిస్తే వస్తోందా? తినేటప్పుడు ఎవరైనా దగ్గరికెళితే గుర్రుమంటోందా? కట్టేసి పెంచుతున్నారా, ఇంట్లో తిరగనిస్తున్నారా? ఇవన్నీ గమనించండి.

మీరుగా మీద పడి నిమరొద్దు. పక్కకు తిరిగి నిలబడండి, దాన్నే వచ్చి వాసన చూడనివ్వండి. ఒళ్లు బిగుసుకుపోవడం, తోక కాళ్ల మధ్య దాచుకోవడం, కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఊరికే మూతి నాక్కోవడం... ఇవి భయానికీ, ఇబ్బందికీ గుర్తులు. గుర్రుమంటే కసరకండి. అది కరిచే ముందు చేసే హెచ్చరిక. తిట్లకు భయపడి దాన్ని మానుకున్న కుక్క, ఈసారి చెప్పకుండానే కరవొచ్చు.

అడిగే తీరులోనే ఉంది

‘కరుస్తుందా?’ అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. ‘దీనికి ఎప్పుడు కోపమొస్తుంది?’ అని అడిగి చూడండి. పిల్లలు చెవులు లాగితేననో, నిద్రలో తాకితేననో అసలు సంగతి బయటికొస్తుంది. వీటినీ అడగండి:

* టీకా కార్డు: మాటతో సరిపెట్టుకోకుండా కార్డు చూడండి. రేబీస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, బూస్టర్ వేసి, ఆపై ఏటా వేయిస్తారు. తొలిసారి వేయించి మూడు వారాలైనా కాకపోతే ఇంకా పూర్తి రక్షణ వచ్చినట్టు కాదు. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ టీకాల తేదీలూ చూడండి.
* గోమార్లు, పురుగులు: చెవుల లోపల, వేళ్ల సందుల్లో చూడండి. గోమార్లు ఎర్లిషియా, బబీసియా వంటి జబ్బుల్ని మీ కుక్కకూ అంటించగలవు. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో అడగండి.
* ఈమధ్య ఆరోగ్యం: వాంతులు, విరేచనాలు, దగ్గు ఉంటే తగ్గేదాకా వద్దనండి. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికుంటుంది. మీ ఇంట్లో టీకా వేయని కుక్కపిల్ల ఉంటే దానికే ముప్పు.
* ఆడకుక్క అయితే: ఎదకొచ్చే సమయమా? అయితే మగకుక్క ఉన్న ఇంట్లో ఉంచుకోవద్దు.
* తిండి: ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో రాసుకోండి. ఉన్నట్టుండి తిండి మారిస్తే విరేచనాలవుతాయి. ఎండుద్రాక్ష పడిన పాయసం, ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, చాక్లెట్లు కుక్కకు విషం. ఉడికించిన కోడి ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేయకండి.

రెండో అడుగు మీ వీధిలో

మీకూ కుక్క ఉంటే రెండింటినీ నేరుగా ఇంట్లో కలపొద్దు. బయట, కాస్త ఎడంగా, తాళ్లతో పక్కపక్కన నడిపించండి. సర్దుకుంటే ఒక పూట మీ ఇంట్లో ఉంచి చూడండి. తిండిగిన్నెలు వేర్వేరుగా, దూరంగా పెట్టండి. చిన్నపిల్లల్ని కుక్క దగ్గర ఒంటరిగా వదలొద్దు.

మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగు, కాళ్లకు చెప్పులు ఉండాలి. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ మనకూ సోకవచ్చు. తరచూ కుక్కల్ని ఉంచుకునేవారు ముందుజాగ్రత్తగా రేబీస్ టీకా తీసుకోవడం గురించి వైద్యుణ్ని అడగటం మేలు.

కరిస్తే?

రేబీస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కానీ వెంటనే చికిత్స తీసుకుంటే దాన్ని అడ్డుకోవచ్చు. గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు, నూనె వంటివి పూయొద్దు. కుక్కకు టీకా వేయించారన్న ధీమాతో ఆగిపోకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో టీకా వేస్తారు. నెత్తురొచ్చేలా కరిస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. కానీ ఆ పది రోజులూ ఆగి చూద్దామని చికిత్సను వాయిదా వేయొద్దు.

వెళ్లే ముందు యజమాని నుంచి టీకా కార్డు, వాడే మందులు, ఫోన్ నంబరు, చూసే పశువైద్యుడి వివరాలు తీసుకోండి. జబ్బు చేస్తే ఎవరికి చూపించాలో, ఖర్చెవరిదో ముందే మాట్లాడుకోండి. గరివిడిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ కళాశాల ఉంది కాబట్టి ఈ ప్రాంతంవారు సలహా కోసం దూరం పోనక్కర్లేదు.

ఇవన్నీ చూశాక మనసు ఒప్పకపోతే ‘మా ఇంట్లో కుదరదు’ అని చెప్పేయండి. ఆ మాటకు అవతలివాళ్లు రెండు రోజులు అలగొచ్చు. పసిపిల్ల చేతి మీద పడిన కాటు మాత్రం రెండిళ్ల మధ్య ఎప్పటికీ మానదు.