పింఛనుదారుల శీతకాలపు మజిలీ

పూరీ: తెల్లవారుజామున స్వర్గద్వారం వద్ద సముద్రతీరాన నడిచేవారిలో ఢిల్లీకి చెందిన ఒక వృద్ధ దంపతుల జంట నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రతిరోజూ కనిపిస్తుంది. ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. వయస్సు 71. ఆమెకు 67. ఇలా రావడం వారికి ఇది నాలుగో ఏడు. ఇది విలాసయాత్ర కాదు. ఆయనకు ఉబ్బసం ఉంది.

దీపావళి దాటాక రాజధానిలో గాలి కదలిక మందగిస్తుంది. వాహనాల పొగ, కట్టడాల దుమ్ము, పొరుగు రాష్ట్రాలలో వరి కొయ్యకాళ్లు తగులబెట్టిన పొగ నేలకు దగ్గరగానే నిలిచిపోతాయి. జనవరిలో కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపునకు పడిపోయే రోజులూ ఉంటాయి. పూరీలో మాత్రం ఉదయం పూట పలుచని శాలువా ఉంటే చాలు. ఒకప్పుడు కలకత్తా కుటుంబాలు గాలిమార్పు కోసం మధుపూర్, దేవఘర్‌లకు వెళ్లేవి. బెంగాలీలైన ఈ దంపతులకు ఆ అలవాటు కొత్తదేమీ కాదు.

అద్దెకు తీసుకున్నది ఒక గది, వంటిల్లు. నడక ముగిశాక ఆమె పెంఠకట వైపు వెళ్లి చేపలు బేరమాడతారు. అక్కడి మత్స్యకారులలో అత్యధికులు తెలుగువారు. 'ఎంత?', 'తగ్గించు' అనే రెండు తెలుగు మాటలను ఆమె వారి వద్దే నేర్చుకున్నారు. మధ్యాహ్నం భోజనం, కునుకు. సాయంత్రం బడదండపై కాసేపు కాలక్షేపం. రాత్రి ఎనిమిదింటికి బెంగళూరులోని కుమారునితో ఫోను.

పడుకోబోయే ముందు ఆయన ఖర్చుల పుస్తకం తెరుస్తారు. అద్దె, పాలు, చేపలు, మందులు అన్నీ పింఛనులోనే సర్దుకోవాలి. దారిఖర్చు మాత్రం బరువవుతోందని ఆయన అంటారు. రైళ్లలో వృద్ధులైన పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం చొప్పున లభించిన రాయితీ 2020 మార్చిలో, కోవిడ్ సమయంలో నిలిచిపోయింది. పునరుద్ధరణకు పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తరువాత సిఫారసు చేసినా ఫలితం లేకపోయింది. ఒక విషయంలో మాత్రం వెసులుబాటు కలిగింది. నవంబరులో ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం కోసం ఇప్పుడు ఢిల్లీలోని బ్యాంకుకు వెళ్లనక్కరలేదు. 2014 నవంబరులో ప్రారంభమైన 'జీవన్ ప్రమాణ్' విధానం కింద ఆయన పూరీలోని గదిలో కూర్చునే, ఫోనులో ముఖం చూపించి ఆ పని పూర్తి చేస్తున్నారు.

అసలు భయం వైద్యం గురించి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల ఆరోగ్య పథకం కార్డు పట్టుకొని ఆయన వెళ్లే వైద్యకేంద్రం దాదాపు 60 కిలోమీటర్ల దూరాన భువనేశ్వర్‌లో ఉంది. కిందటి జనవరిలో ఒక అర్ధరాత్రి ఆయాసం ముదిరితే ఇంటి యజమాని ఆటోలో దగ్గరలోని ఆసుపత్రికి చేర్చారు. అప్పటినుంచి ఆటోవాలా ఫోను నంబరు గోడమీద రాసి ఉంది.

ఢిల్లీ ఇల్లు అమ్మి ఇక్కడే స్థిరపడదామని ఆయన అంటారు. ఆమె ఒప్పుకోరు. వేసవి ఉక్కపోతకు ఆయన తట్టుకోలేరంటారు. 2019 మే 3న ఫణి తుపాను తీరం దాటింది పూరీ వద్దనే అని గుర్తుచేస్తారు. ముప్ఫై ఏళ్ల ఇరుగుపొరుగును వదులుకోలేననేది ఆమె చెప్పని మూడో కారణం.

వారానికొకసారి ఆయన తమ భవనం కాపలాదారుకు ఫోను చేసి తాళం సంగతి అడుగుతారు. ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరైన ఆ కాపలాదారు భవిష్యనిధి సంస్థ పింఛనుదారు. ఆ పథకంలో కనీస పింఛనును 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆయనకు అందేది అంతే. ఆయనకూ దగ్గు ఉంది. చలికాలమంతా రాత్రిళ్లు గేటు దగ్గరే కూర్చుంటారు.