వారానికి మూడు రోజుల సెలవు

"నాలుగు రోజులు పని, మూడు రోజులు సెలవు" అనే మాట ఇప్పుడు మన పల్లెల్లోనూ వినవస్తున్నది. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు నుండి శ్రీసిటీ కర్మాగారాలకు వెళ్ళే ఆడపిల్లలున్న ఇళ్ళలో ఈ మాట ఆశ పుట్టించడం సహజమే. ప్రియ పాఠకులారా, సంతోషించే ముందు ఒక్కసారి లెక్క వేసి చూద్దాము.

2025 నవంబరు 21న నాలుగు కొత్త కార్మిక చట్టాలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం వారానికి పని 48 గంటలు మించరాదు. ఇది కొత్త సంగతేమీ కాదు, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉన్నదే. ఆ 48 గంటలను ఆరు రోజులకు పంచితే రోజుకు 8, నాలుగు రోజులకు పంచితే 12. అలా పంచుకొనే వీలున్నదని, ఆ 12 గంటలలో మధ్య విరామాలు కూడా చేరవచ్చునని, మిగిలిన మూడు రోజులు జీతంతో కూడిన సెలవులని కేంద్ర కార్మిక శాఖ వివరించింది. అంటే ఆ సెలవు ఎవరో ఊరకే ఇచ్చినది కాదు. మన బిడ్డ ముందే పని చేసి సంపాదించుకొన్నది.

పన్నెండు గంటల పనికి రానుపోను బస్సు ప్రయాణం రెండు గంటలనుకొందాము. మిగిలేది పది గంటలు. నిద్ర, స్నానం, తిండి అన్నీ అందులోనే. కొడుకైతే ఇంటికి రాగానే మంచమెక్కుతాడు. కూతురైతే కసువు ఊడ్చాలి, నీళ్ళు పట్టాలి, అంట్లు తోమాలి. (ఇది కంపెనీ పెట్టిన నిబంధన కాదు, మన ఇంటిదే!) ఇక ఆ మూడు రోజుల సెలవు మిగిలిపోయిన నిద్రకే సరిపోతుందేమో.

పని దినాలు తగ్గించడం మన రాష్ట్రంలో ఇంతకుముందూ జరిగింది. 2016లో సచివాలయం హైదరాబాదు నుండి వెలగపూడికి తరలినప్పుడు, ఆ ఏడాది జూన్ 27 నుండి ఉద్యోగులకు ఐదు రోజుల వారం ఇచ్చారు. పదిన్నర నుండి ఐదు వరకు ఉన్న పనివేళలు పది నుండి ఐదున్నర వరకు అయ్యాయి. రోజుకు ఒక్క గంట పెరిగింది, శనివారం దక్కింది. పిల్లల చదువులు హైదరాబాదులో, తల్లిదండ్రుల ఉద్యోగం ఇక్కడ గనుక శుక్రవారం సాయంత్రం రైలెక్కి ఇల్లు చేరడానికి ఆ ఏర్పాటు. ఒక్క గంట భరించవచ్చు. యంత్రం ముందు రోజుకు నాలుగు గంటలు పెరగడం వేరు.

మరొక సంగతి. మన దేశంలో మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు సులువుగా రాలేదు. బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే అనే ఆయన ఏళ్ళ తరబడి అడగగా 1890లో మిల్లు యజమానులు ఒప్పుకొన్నారు. ఇప్పుడు షిఫ్టుల లెక్కలో ఆ మూడు సెలవులు మంగళ, బుధ, గురువారాలలో పడితే, ఇల్లంతా ఆరాధనకు వెళ్ళే పూట ఆ పిల్ల ఫ్యాక్టరీలోనే ఉంటుంది. ఆమె ఇంట ఉన్న రోజున తమ్ముడు బడిలో, అమ్మానాన్నలు చేనిలో ఉంటారు.

కనుక బిడ్డ సరేనని చెప్పకముందే కొన్ని సంగతులు అడిగి తెలుసుకొనండి. బస్సు మన ఊరి మలుపులో రాత్రి ఎన్ని గంటలకు దించుతుంది? సెలవులు వరుసగా వస్తాయా, విడివిడిగానా? నెలలో ఎన్ని ఆదివారాలు ఆమె ఇంట ఉంటుంది? ఐదవ రోజు కూడా రమ్మంటే? అదనపు పనికి కార్మికురాలి సమ్మతి ఉండాలి, రెట్టింపు కూలి ఇవ్వాలి. అది చట్టంలో ఉన్నది. అమ్మాయి అడగడానికి జంకితే తండ్రిగాని అన్నగాని తోడు వెళ్ళి అడగవచ్చు.