బిడ్డ చేతి ఫోనుకు ఎట్టి కావలి?

2020 మార్చిలో కరోనా కారణమున బడుల తలుపులు మూతపడినప్పుడు, అంతవరకును పిల్లలకు అందకుండ బీరువా మీదనో దిండు క్రిందనో దాచుచు వచ్చిన ఫోను, కొన్ని నెలలలోనే పలకయు, పుస్తకమును, పంతులును తానే అయి పసివాని ఒడిలో కూర్చుండెను. బడులు తిరిగి తెరచుకొన్నవి గాని ఫోను వెనుకకు పోలేదు. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో వచ్చుచున్నది. సందేహము యూట్యూబులో తీరుచున్నది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన ట్యాబులనే పంచిపెట్టెను. బిడ్డకు తెర చూపవలెనా వలదా యను వాదము మన యిండ్లలో ముగిసినట్లే. ఆ తెర వెనుకనుండి ఏమి వచ్చునో, ఎవరు వచ్చెదరో కనిపెట్టుట యెట్లన్న చింత మాత్రము నానాటికి పెరుగుచున్నది. ఆ చింతను ఆధారముగా చేసికొని ‘పేరెంటల్ కంట్రోల్’ యాప్‌లు పుట్టుకొనివచ్చినవి. వీనిలో కొన్ని ఉచితములు, కొన్ని ఏటేట చందా కోరునవి. కొన్ని నిజముగా కాపాడునవి, మఱికొన్ని కాపాడుదుమని చెప్పి యింటిగుట్టును వీథిని పెట్టునవి. ఈ భేదము ప్రకటనలలో కానరాదు.

యాప్ పేరు అడుగుటకు ముందు ఆ ఫోను ఎవరిదో చూచుకొనవలెను. ఈ యాప్‌లను రూపొందించినవారు ప్రతి బిడ్డకును విడిగా ఒక ఫోను ఉండునని లెక్క వేసికొన్నారు. మన యిండ్లలో అనేకము పగలెల్ల తల్లి చేతనుండి గ్యాసు బుకింగునకు, బ్యాంకు పనికి, బంధువుల క్షేమసమాచారములకు ఉపయోగపడిన ఫోనే సాయంకాలమునకు బిడ్డ చేతిలోనికి మారును. అట్టి ఫోనులో బిడ్డకు పెట్టిన నిర్బంధము తల్లికిని తప్పదు గనుక, నాలుగు దినములు ఓర్చి పిదప ఆమెయే దానిని తీసివేయును. ఉమ్మడి ఫోనునకు వేరు ఉపాయములు కలవు. చాల ఆండ్రాయిడ్ ఫోనులలో రెండవ ‘యూజర్’ను చేర్చుకొను సదుపాయము సెట్టింగులలోనే యున్నది, బిడ్డ తన యూజరులో ప్రవేశించినచో తల్లి వాట్సాప్‌గాని బ్యాంకు యాప్‌గాని వానికి కానరావు. ఆ సదుపాయము లేనిచోట ‘యాప్ పిన్నింగ్’ అను ఏర్పాటు పనికివచ్చును: పాఠము వీడియోను తెరచి, దానిని తెరపై కట్టివేసి ఇచ్చినచో, పిన్ నంబరు నొక్కనిదే బిడ్డ మఱియొక యాప్‌లోనికి పోజాలడు. చిన్నవారికి మామూలు యూట్యూబునకు మారుగా యూట్యూబ్ కిడ్స్‌ను పెట్టి, ప్లే స్టోరులో కొనుగోళ్లకు పాస్‌వర్డు తప్పనిసరి చేసి, యూపీఐ పిన్ బిడ్డ కంటబడకుండ చూచుకొన్నచో ఉమ్మడి ఫోనునకు పైసా ఖర్చు లేకుండ చాలవరకు రక్ష కలుగును. ముద్దుకొద్దీ బిడ్డ వేలిముద్రను తల్లి ఫోనులో నమోదు చేయు అలవాటు మాత్రము మానవలెను; ఆ వ్రేలు ఫోను తాళమునే కాక, అందులోని పెక్కు యాప్‌ల తాళములను గూడ తీయగలదు.

బిడ్డకు సొంత ఫోను ఉన్నయెడల మొదట పరీక్షింపదగినవి ఆ ఫోనుతోనే ఉచితముగా వచ్చు సాధనములు. ఆండ్రాయిడ్ ఫోనులకు గూగుల్ సంస్థ 2017లో ప్రారంభించిన ఫ్యామిలీ లింక్ కలదు. తల్లి ఫోనును బిడ్డ ఫోనును ఒక బల్లపై పక్కపక్కన పెట్టుకొని, బిడ్డ పేర వాని నిజమైన పుట్టినతేదీతో గూగుల్ ఖాతా తెరచి, తల్లి ఖాతాతో దానికి సమ్మతి తెలిపినచో ఏర్పాటు పూర్తియగును. నిజమైన పుట్టినతేదీ అని నొక్కి చెప్పుటకు కారణమున్నది. ఖాతా తొందరగా తెరచుకొనునని అనేకులు బిడ్డ వయస్సు నాలుగైదేండ్లు పెంచి వ్రాయుదురు. అంతట ఆ ఫోనునకు, అందులోని యూట్యూబునకు, ఆటలకు వాడు పెద్దవాడే యగును. పిల్లలకై యేర్పరచిన కట్టుబాటులలో పెక్కు వానికి వర్తింపవు. పూర్వమే అట్లు వ్రాసియున్నవారు ఆ తేదీని సరిదిద్దుకొనుట ఏ చందా యాప్ కొనుటకంటెను ముందు చేయవలసిన పని. ఫ్యామిలీ లింక్ అమరిన పిదప బిడ్డ క్రొత్త ఆటను దింపుకొనగోరినచో అనుమతికై తల్లి ఫోనుకు కబురు వచ్చును. రాత్రి నిర్ణయించిన వేళకు బిడ్డ ఫోను తాళము పడును. ఏ యాప్‌లో ఎంతసేపు గడపినదియు తెలియును. ఫోను ఎక్కడ నున్నదో పటముపై కనబడును. బిడ్డ తెరను చూచుట, వాని సందేశములను చదువుట దీనివలన కాదు. కొందరు తల్లిదండ్రులు దీనిని కొఱతగా భావింతురు. నేను దీనిని గుణముగానే యెంచుచున్నాను.

ఐఫోనులో ఇదే పనిని 2018నుండి ‘స్క్రీన్ టైమ్’ చేయుచున్నది. అందులో ‘కమ్యూనికేషన్ సేఫ్టీ’ అను ఒక ఏర్పాటు ప్రత్యేకముగా చెప్పదగినది: బిడ్డకు వచ్చిన లేదా బిడ్డ పంపబోవు నగ్నచిత్రమును ఫోను తానే గుర్తించి, మసక చేసి, హెచ్చరించును. ఆ పరిశీలన యంతయు ఫోనులోపలనే జరుగును గాని చిత్రము ఆపిల్ సంస్థకు చేరదు. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుండి పదుమూడేండ్లలోపు పిల్లల ఖాతాలలో ఇది అడుగకయే పనిచేయుచున్నది. ఇంటి వైఫైకి రక్ష కోరువారు రౌటరు సెట్టింగులలో డీఎన్ఎస్ అనుచోట 1.1.1.3 అను సంఖ్యను వ్రాసికొన్నచో అశ్లీల సైటులును, వైరసులు పంచు సైటులును ఇంటిలోని పరికరములన్నిటికిని మూసుకొనును. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో కుటుంబములకై దీనిని ఉచితముగా తెరచినది. బిడ్డ వైఫై వదలి సిమ్ డేటాలోనికి మారినంతనే ఈ రక్ష తొలగునన్నది గుర్తుండవలెను.

ఇవి చాలవనుకొన్నప్పుడే క్వస్టోడియో, నార్టన్ ఫ్యామిలీ, కాస్పర్‌స్కీ సేఫ్ కిడ్స్ వంటి చందా యాప్‌ల ప్రసక్తి. ఆండ్రాయిడ్, ఐఫోను, కంప్యూటరు కలగలసిన యింటిలో అన్నింటిని ఒక్కచోటనుండి చూచుకొనుటకు ఇవి ఉపకరించును. అయితే ఇవి పనిచేయు తీరు తెలిసికొనకుండ డబ్బు కట్టరాదు. కొన్ని యాప్‌లు బిడ్డ ఫోనులోని ఇంటర్నెట్ రాకపోకల నన్నిటిని వీపీఎన్ దారిగుండ మళ్లించి వడకట్టును. మఱికొన్ని ‘యాక్సెసిబిలిటీ’ అను అనుమతి నడుగును. చూపులేనివారికి తెరను చదివి వినిపించుటకు తోడుపడు సాధనములకై ఏర్పడిన అనుమతి యిది. దీనిని పొందిన యాప్ తెరపై కనబడు ప్రతి యక్షరమును చదువగలదు. ఐఫోనులో ఇట్టి స్వేచ్ఛను ఆపిల్ ఇయ్యదు గనుక, ఒకే యాప్ ఆండ్రాయిడ్‌లో చేయు పనులలో సగము ఐఫోనులో చేయలేకపోవచ్చును. వాట్సాప్ సందేశములు దారిలో ఎవరికిని అర్థముకాని సంకేతరూపమున పోవుచుండుటచే ఏ వడపోతయు వానిని మధ్యలో పట్టుకొనజాలదు. ఇన్‌స్టాగ్రామ్‌లోపల ఏమి కనబడవలెనో, ఎవరు పలుకరింపవచ్చునో బయటి యాప్ శాసింపలేదు. అది ఇన్‌స్టాగ్రామ్‌లోనే దిద్దవలసినది. 2025 ఫిబ్రవరిలో మన దేశమునకు వచ్చిన ‘టీన్ అకౌంట్’ పద్ధతి పిల్లల ఖాతాలకు పెట్టు కట్టుబాట్లను పదునారేండ్లు నిండనివారు సడలించుకొనుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెను. మన భాషకు సంబంధించిన పరీక్ష యొకటి గలదు. చెడుమాటలను కనిపెట్టుదునని చెప్పు యాప్‌ను, ఉచితముగా వాడుకొననిచ్చు మొదటి దినములలోనే, మన పిల్లలు నిత్యము వ్రాసికొను రీతిని, అనగా ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిన తెలుగు తిట్టుతో పరీక్షింపుడు. అది కనిపెట్టనిచో ఆ గుణమునకై చందా కట్టుట వ్యర్థము. విదేశమందలి బంధువులు మెచ్చి చెప్పిన యాప్ ఇక్కడ దొరకునో లేదో గూడ ముందే చూచుకొనుట మంచిది.

ఇక అన్నిటికంటె భయపడవలసిన జాతి వేరొకటి గలదు. బిడ్డకు తెలియకుండ ఫోనులో దాగి, వాని సందేశములను, చిత్రములను, మాటలను తల్లిదండ్రులకు చేరవేయుదునని చెప్పునట్టిది. 2018 మే నెలలో అమెరికాలోని టీన్‌సేఫ్ అను యాప్‌కు సంభవించినదానిని చూడుడు. పిల్లల సందేశములను, వారున్న చోటును తల్లిదండ్రులకు చూపుదునను ఆ సంస్థ రెండు సర్వర్లను పాస్‌వర్డు లేకుండ ఇంటర్నెట్‌పై వదలివేసెను. వానిలో తల్లిదండ్రుల ఈమెయిల్ చిరునామాలు, పిల్లల ఆపిల్ ఐడీలు, ఆ ఐడీల పాస్‌వర్డులు, ఏ సంకేతముగాని మఱుగుగాని లేక, చదువుకొనుటకు వీలుగా పడియుండెను. ఇంతకంటె దారుణమైన విషయమొకటి గలదు: ఈ యాప్ పనిచేయవలెనన్నచో పిల్లల ఖాతాకు గల రెండంచెల ధ్రువీకరణమును, అనగా పాస్‌వర్డుతో పాటు మఱియొక సంకేతమును గూడ అడుగు ఏర్పాటును, ముందుగా తీసివేయవలసియుండెను. కావున ఆ పాస్‌వర్డు దొరికినవానికి బిడ్డ ఖాతాలోనికి పోవుటకు వేరు అడ్డు లేకపోయెను. బిడ్డను కాపాడుటకు డబ్బు కట్టిన తల్లి, తన చేతులతోనే వాని తలుపు గడియ తీసి, తాళపుచెవిని అపరిచితులకు అందు చోట పెట్టినట్లయినది. ఎంస్పై అను మఱియొక గూఢచారి యాప్ వివరములు 2015లోను, 2018లోను, తిరిగి 2024లోను బయటపడినవి. స్పైఫోన్ అను సంస్థను అమెరికా వాణిజ్య నియంత్రణ సంఘము 2021లో ఈ నిఘా వ్యాపారమునుండియే బహిష్కరించెను. దొంగచాటు యాప్‌లే కాక, కుటుంబసభ్యులు ఎక్కడ నున్నారో చూపునని ప్రసిద్ధికెక్కిన లైఫ్360 సహితము ఆ స్థానవివరములను వ్యాపారులకు అమ్ముచుండెనని 2021 డిసెంబరులో ది మార్కప్ అను వార్తాసంస్థ వెల్లడించెను.

ఇట్టి దొంగచాటు యాప్‌లను గుర్తుపట్టుట కష్టము కాదు. ప్లే స్టోరులో లేక, ఏపీకే ఫైలుగా దింపుకొనుమనునది, ప్లే ప్రొటెక్ట్ రక్షణను ఆపివేయుమనునది, తన గుర్తును బిడ్డ ఫోనులో కనబడకుండ చేయుదునని గొప్ప చెప్పుకొనునది, రెండంచెల ధ్రువీకరణమును తీసివేయుమనునది, వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ యాప్ వైపు మఱల చూడనక్కరలేదు. మన దేశమున 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి నందరిని బాలలుగానే పరిగణించి, వారి సమాచారమును వాడుకొను సంస్థ తల్లిదండ్రుల సమ్మతిని రుజువుచేసికొనవలెనని నిబంధన పెట్టినది. కావున ఏ సమాచారము తీసికొందురు, ఎంతకాలము దాచెదరు, ఖాతా మూసినచో చెరపివేయుదురా యని తల్లిదండ్రులు తప్పక అడుగవలెను. ఈ మూటికిని సూటిగా బదులు చెప్పని సంస్థకు బిడ్డ వివరముల నీయరాదు.

పిల్లల పక్షమున గూడ ఒక మాట వినవలెను. అమెరికా పరిశోధకులు 2018లో ఇట్టి యాప్‌లు 37 ఎన్నుకొని, ప్లే స్టోరులో వానిని గూర్చి బాలబాలికలు స్వయముగా వ్రాసిన 736 అభిప్రాయములను పరిశీలించిరి. అత్యధిక సంఖ్యాకులు ఆ యాప్‌లను తిరస్కరించిరి. మితిమీరిన నిర్బంధమనియు, తమ ఆంతరంగికములో చొరబాటనియు, తల్లిదండ్రులతో తమకు గల చనువు దెబ్బతిన్నదనియు వాపోయిరి. వారి వ్రాతలలో బాల్యసహజమైన ఉక్రోషము కొంత యుండవచ్చును. అయినను ఆ చివరి ఫిర్యాదును తేలికగా త్రోసివేయరాదు. ఏలయన ఇంటర్నెట్‌లో బిడ్డకు కలుగు ఘోరాపదలలో పెక్కు, అపరిచితుడు నెమ్మదిగా మాట కలిపి, నమ్మకము సంపాదించి, ఒక ఫొటో రాబట్టి, దానితో బెదిరించు రీతిని నడచునట్టివి. ఆ ఘడియలో బిడ్డను కాపాడగలిగినది వాడు తల్లి యొద్దకు పరుగెత్తి వచ్చి చెప్పుట యొక్కటే. ఫోను లాగుకొందురను భయమున్న బిడ్డ రాడు.

అందుచేత యాప్‌ను బిడ్డ ఎదుటనే, బిడ్డతో చెప్పియే పెట్టవలెను. పండ్రెండేండ్ల కొడుకుతో ఆ మాట ఇంచుమించు ఇట్లు సాగవచ్చును. “అమ్మా, నా మెసేజులన్నీ చదువుతావా?” “చదవను నాన్నా. రాత్రి పదికి ఫోను ఆగిపోతుంది, కొత్త గేము పెట్టాలంటే నన్నడగాలి. అంతే.” “మా ఫ్రెండ్స్‌కి ఇవేం లేవు.” “సరే, మూడు నెలలు చూద్దాం. ఇబ్బందిగా ఉంటే చెప్పు, ఇద్దరం కూర్చుని మారుద్దాం.” ఈ మూడు నెలల మాటను తప్పక నిలుపుకొనవలెను. పదియేండ్ల బిడ్డకు ప్రతి యాప్‌కును అనుమతి యుండుట న్యాయమే. పదునాలుగేండ్లవానికి రాత్రివేళ హద్దును, కొనుగోళ్లపై తాళమును చాలును. పదునారేండ్లకు ఇంకను అవే గొలుసులున్నచో వాడు వానిని త్రెంచు విద్యలోనే ఆరితేరును. ఆ విద్య ఇప్పటికే మన పిల్లలకు కొంత తెలియును. ఫోను గడియారమును వెనుకకు త్రిప్పుట, వేరొక ఖాతాతో ప్రవేశించుట, ఉచిత వీపీఎన్ దింపుకొనుట, ఫ్యాక్టరీ రీసెట్ చేయుట, ఇవేవియు కానిచో స్నేహితుని ఫోను వాడుట. మొదటి నాలుగింటిని తల్లిదండ్రులు తామే ఒకమారు ప్రయత్నించి చూచినచో తాము ఎన్నుకొన్న యాప్ ఎంత గట్టిదో తేలును. అయిదవదానికి ఏ యాప్‌లోను విరుగుడు లేదు.

ఎట్టి యాప్ ఉన్నను ఒకనాడు బిడ్డ ఏడ్చుచు వచ్చి, ఎవడో బెదిరించుచున్నాడని చెప్పినచో, ఆ క్షణమున కోపము చూపక, అడిగిన డబ్బు పంపక, ఆ బెదిరించువాని ఖాతాపేరును, ఫోను నంబరును, బెదిరింపు సందేశములను స్క్రీన్‌షాట్లుగా భద్రపరచి, ఆ పిదపనే వానిని బ్లాక్ చేయవలెను. సొమ్ము పోయియున్నచో వెంటనే 1930 నంబరునకు, బిడ్డకు తోడు కావలసివచ్చినచో 1098 చైల్డ్ హెల్ప్‌లైనునకు ఫోను చేయవచ్చును. అమెరికాలోని తప్పిపోయిన బాలల కేంద్రము ప్రారంభించిన ‘టేక్ ఇట్ డౌన్’ సేవ, పదునెనిమిదేండ్లలోపు తీసిన నగ్నచిత్రమును ఎవ్వరికిని పంపనక్కరలేకుండ, దాని డిజిటల్ ముద్రను మాత్రము గ్రహించి, ఇందులో చేరిన సామాజిక మాధ్యమ సంస్థలకు తెలియజేసి, అక్కడ ఆ చిత్రము వ్యాపింపకుండ అడ్డుకొనుటకు తోడ్పడును. దీనికి రుసుము లేదు, ఏ దేశమువారైనను వాడుకొనవచ్చును. మన కేంద్రప్రభుత్వపు సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో బాలలపై జరుగు ఇట్టి నేరములకు ప్రత్యేక విభాగమున్నది. పరువు పోవునని వెనుకాడు కుటుంబములు అక్కడ తమ పేరు తెలుపకయే ఫిర్యాదు చేయవచ్చును.