తండ్రి లేని వంశం

అశ్వమేధ యాగాశ్వాన్ని అనుసరించి వెళ్ళిన అర్జునుడు ప్రమీల ఏలుతున్న స్త్రీ రాజ్యాన్ని చేరుకొన్నట్లు జైమిని భారత కథ చెబుతుంది. పురుషులు లేని రాజ్యం కవికల్పనగా తోచవచ్చు. కాని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో శీతకాలం వచ్చిందంటే అటువంటి రాజ్యాలు పెరటి చిక్కుడు పాదుమీదనే వెలుస్తాయి. లేత కొమ్మలను, పూగుత్తులను నల్లగా కమ్ముకొనే పేనుబంక గుంపులో సాధారణంగా ఒక్క మగపురుగు కూడా ఉండదు. అన్నీ తల్లులు, కూతుళ్ళు, మనుమరాళ్ళే.

ఫలదీకరణ లేకుండానే అండం పిండంగా ఎదగడాన్ని అనిషేక జననం అంటారు. ఇది అన్ని జీవులలోనూ ఒకే తీరుగా జరగదు. తేనెటీగలలో ఫలదీకరణ పొందని గుడ్లనుండి సాధారణంగా మగ ఈగలు పుడతాయి. పేనుబంకలోనైతే ఆడపిల్లలే పుడతాయి. ఈ రెండవ విధానానికి థెలిటోకీ అని పేరు. గ్రీకు భాషలో ‘థేలిస్’ అంటే స్త్రీ, ‘టోకోస్’ అంటే ప్రసవం.

ఈ రహస్యాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు జెనీవా నగరవాసి చార్లెస్ బోనె. 1740లో, ఇరవై ఏళ్ళ వయసులో, అతడు అప్పుడే పుట్టిన ఒక పేనుబంక పిల్లను వేరుచేసి, మరొక పురుగు దరిచేరకుండా పెంచాడు. ఏకాంతంలో పెరిగిన ఆ పురుగు కొద్ది వారాలలోనే 95 పిల్లలను కన్నది. సంతానానికి తండ్రి అవసరమన్న నమ్మకాన్ని ఆ చిన్న ప్రాణి ప్రశ్నించింది.

శీతల దేశాలలో శరదృతువు రాగానే పేనుబంకలో మగవి కూడా పుడతాయి. అవి ఆడవాటితో కలిసిన తరువాత పెట్టే గుడ్లు చలికాలాన్ని తట్టుకొని వసంతంలో పొదుగుతాయి. వెచ్చని తీరప్రాంతంలో ఆ అవసరం లేదు. ఇక్కడి పేనుబంక గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే కంటుంది. పుట్టబోయే కూతురి కడుపులో మనుమరాలు కూడా అప్పటికే రూపుదిద్దుకొంటూ ఉంటుంది. వాతావరణం అనుకూలిస్తే పుట్టిన పిల్ల వారం పది రోజులలో తానే తల్లి అవుతుంది.

దీని ఫలితం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక తల్లికి 50 మంది కూతుళ్ళు, ప్రతి కూతురికీ మళ్ళీ 50 మంది అనుకొంటే మూడవ తరం 1,25,000కు చేరుతుంది. సంతానంలో సగం మగవైతే ఆ సంఖ్య 31,250 మాత్రమే. వరి కోతలకు ముందు మాగాణిలో మినుము, పెసర చల్లుకొనే రైతుకు ఇది కేవలం లెక్క కాదు. శత్రుకీటకాలు, వానలు ఈ పెరుగుదలను కొంత అరికట్టినా, మిగిలిన పురుగులు రసం పీల్చి మొక్కను నీరసింపజేస్తాయి, వైరస్ తెగుళ్ళను మోస్తాయి.

అన్ని జీవులలోనూ ఆడసంతతికి కారణం ఒకటి కాదు. ట్రైకోగ్రామా అనే అతిచిన్న కందిరీగ చెరకు, వరి పంటలను తొలిచే పురుగుల గుడ్లను నాశనం చేసే రైతుమిత్రం. దీనిలో కొన్ని వంశాలు ఆడవాటినే కంటాయి. 1990లో స్టౌథామర్, లక్, హామిల్టన్ అనే శాస్త్రజ్ఞులు వాటికి యాంటీబయాటిక్ మందు ఇవ్వగా మగవి పుట్టసాగాయి. తల్లినుండి బిడ్డకు సంక్రమించే ఒక బాక్టీరియా ఇందుకు కారణమని తేలింది. బ్రెవిపాల్పస్ అనే నల్లులలోనూ ఇటువంటి బాక్టీరియా మగ కావలసిన వాటిని ఆడవిగా మారుస్తున్నట్లు 2001లో వెల్లడైంది.

తల్లి పోలికలే కూతుళ్ళకు దాదాపు యథాతథంగా రావడం ఈ వంశాలకు బలమూ, బలహీనతా. ఒక తెగులుకు తల్లి లొంగితే సంతతి అంతా లొంగుతుంది. ఒక మందును తల్లి తట్టుకొంటే సంతతి అంతా తట్టుకొంటుంది. అందువల్ల ఒకే మందును పదేపదే చల్లడం తట్టుకొనే వంశాన్ని చేజేతులా పెంచడమే. మందుతో పాటు పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా నశిస్తే ఆ వంశానికి అడ్డే ఉండదు. చేనులో మొదటి తల్లులు కనిపించిన నాడే ఆ కొమ్మలను తుంచివేసే రైతు, రాబోయే లక్షమందిని ఆపినవాడవుతాడు.